ఛాయాచిత్రంలో చామనఛాయ

తెలుగులో 'ఛాయ' అనే మాటకు రెండర్థాలు వాడుకలో ఉన్నాయి. నీడ అన్నది మొదటిది. ఒంటి రంగు అన్నది రెండవది. చామనఛాయ, పసిమిఛాయ అనేటప్పుడు మనం రెండవ అర్థాన్నే ఉద్దేశిస్తాం. మన కళాశాలలోని ఉర్దూ విద్యార్థి మిత్రులు ఛాయాచిత్రణాన్ని అక్కాసీ అంటారు. 'అక్స్' అంటే ప్రతిబింబం. 1839లో సర్ జాన్ హెర్షెల్ ప్రచారంలోకి తెచ్చిన 'ఫోటోగ్రఫీ' అనే మాటకు వెలుగుతో వ్రాయటం అని అర్థం. ఒక భాష నీడ అన్నది, ఒక భాష ప్రతిబింబం అన్నది, మరొక భాష వెలుగు అన్నది. మూడూ నిజమే. కాని ఈ విద్యను పాఠ్యాంశంగా చదువుతున్న విద్యార్థిగా నాకు మన తెలుగు మాటే ఎక్కువ నచ్చింది. అందులో మనిషి ఒంటి రంగు కూడా దాగి ఉన్నది కనుక.

ఆ రెండవ ఛాయను ఉన్నది ఉన్నట్లుగా చిత్రంలో నిలపటం ఈ విద్యలో అన్నిటికంటె కష్టమైన పాఠమని నా అభిప్రాయం. మన ఊళ్ళ స్టూడియోలు, మన చేతుల్లోని సెల్‌ఫోనులు ఆ కష్టాన్ని తప్పించుకొని, ముఖాలకు సున్నం కొట్టి, అదే అందమని మనల్ని నమ్మిస్తున్నాయి. దీనిని ఇకనైనా మానుకోవాలని చెప్పటమే ఈ వ్యాసం ఉద్దేశం. అయితే ఊరక మానుకోమనటం ఉపన్యాసం అవుతుంది. మానుకొనే మార్గం మా పాఠాలలోనే ఉన్నది కాబట్టి, ఆ పాఠాల వరుసలోనే నా మాట చెబుతాను.

మా మొదటి అభ్యాసం కెమెరా లేని ఫోటో. ఒక రేకు డబ్బాకు సూదిమొనంత బెజ్జం పెట్టి, లోపల వెలుగు సోకితే నల్లబడే కాగితం అంటించి, డబ్బాను కదలకుండా నిలపాలి. బయటి దృశ్యం తలకిందులుగా ఆ కాగితం మీద పడుతుంది. ఇది కొత్త సంగతి కాదు. సుమారు 965లో బస్రా నగరంలో పుట్టి, కైరోలో జీవితం గడిపిన ఇబ్న్ అల్ హైసమ్ వెయ్యి సంవత్సరాల క్రితమే చీకటి గదికి చిన్న రంధ్రం ఉంచి వెలుగు నడకను పరిశీలించాడు. కంటి నుండి కిరణాలు బయలుదేరి వస్తువును తాకటం వల్ల చూపు కలుగుతుందన్న పాత వాదాన్ని ఆయన తన 'కితాబ్ అల్ మనాజిర్' అనే గ్రంథంలో ఖండించాడు. వస్తువు మీద పడిన వెలుగు తిరిగి మన కంటిని చేరటం వల్లనే చూస్తున్నామని నిరూపించాడు. ఎనిమిది వందల ఏళ్ళకు పైగా గడిచాక, 1839 ఆగస్టు 19న పారిస్‌లో డాగెర్ పద్ధతిని లోకానికి వెల్లడించారు. ఆ చీకటి గదిలో పడే బొమ్మ చెరిగిపోకుండా నిలిచే ఉపాయం అప్పటికి దొరికింది.

మా రెండవ పాఠం వెలుగు మోతాదు. దీనినే ఎక్స్‌పోజర్ అంటారు. కెమెరాలో దీనిని సరిచేసే ఉపాయాలు మూడు: అపర్చర్, షట్టర్, ఐ.ఎస్.ఓ. ఈ మూడింటి సంబంధం కోనసీమ బిడ్డలకు అర్థం కావటం సులభం. పంట కాలువ తూము ఎంత వెడల్పు తెరిచామన్నది అపర్చర్. ఎంతసేపు తెరిచి ఉంచామన్నది షట్టర్. చేను ఎంత త్వరగా నీటిని పీల్చుకొంటుందన్నది ఐ.ఎస్.ఓ. తూము సగం మూస్తే రెండింతల సేపు నీరు పెట్టాలి. ఇందులో ఒక్కొక్క మెట్టును స్టాప్ అంటారు. ఒక స్టాప్ పెరిగితే వెలుగు రెండింతలవుతుంది, తగ్గితే సగమవుతుంది. నిర్మలమైన ఎండలో అపర్చరును ఎఫ్ 16 వద్ద ఉంచి, ఐ.ఎస్.ఓ. 100 అయితే షట్టరును సెకనులో నూరవ వంతు వద్ద ఉంచితే చాలునని పాత ఫోటోగ్రాఫర్ల లెక్క ఒకటి ఉన్నది. ఆ లెక్క ప్రకారమే ఎండకూ, ఆరుబయట నీడపట్టుకూ నాలుగు స్టాపుల తేడా ఉంటుంది. అనగా పదహారు రెట్లు.

అల్లవరం మండలంలో కొబ్బరి తోటలోకి కెమెరా తీసుకొని వెళ్ళిన వారికి ఈ పదహారు రెట్ల మాట ఎంత నిజమో తెలుస్తుంది. మట్టల సందుల నుండి పడే ఎండపొడలు నేల మీద నాణేల వలె మెరుస్తూ ఉంటాయి. వాటి పక్కనే నీడ చిక్కగా ఉంటుంది. మనిషిని అక్కడ నిలబెడితే నుదుటి మీద ఒక ఎండపొడ, చెంప మీద ఒక నీడ పడి ముఖం ముక్కలు ముక్కలవుతుంది. ఆకుల మీదుగా దిగివచ్చే వెలుగు చర్మానికి పచ్చరంగు పులుముతుంది. వైనతేయ పాయ సముద్రంలో కలిసే ఓడలరేవు చేరువన ఇసుక మెరుపు వల్ల మరొక చిక్కు వస్తుంది. తోట దృశ్యాన్ని అందంగా తీయటం కష్టం కాదు. పచ్చదనం, కాలువ, పడవ చాలు. కోనసీమను ఆ విధంగా చూపిన సినిమాలు, క్యాలెండర్లు ఎన్నో వచ్చాయి. కాని ఆ తోటలో కాయ దింపే మనిషి ముఖం, ఆ పీచుతో తాళ్ళు పేనే స్త్రీ ముఖం స్పష్టంగా కనిపించే చిత్రాలు బహు తక్కువ. దీనికి కారణం చిత్రకారుల మనసులోనే కాక, యంత్రంలో కూడా ఉన్నదన్న సంగతి మూడవ పాఠంలో బోధపడింది.

మూడవ పాఠం మీటరు. కెమెరాలోని లైట్ మీటరుకు వస్తువేమిటో తెలియదు. దాని ఎదుట ఏది ఉన్నా, అది తెలుపూ నలుపూ కాని మధ్యస్థమైన బూడిదరంగు అనే అది భావిస్తుంది. అందుకే తన మీద పడిన వెలుగులో నూటికి 18 వంతులు తిరిగి పంపే బూడిదరంగు అట్టను ప్రమాణంగా పెట్టుకొని మాచేత అభ్యాసం చేయించారు. ఉతికిన తెల్ల పంచెను ఫ్రేము నిండా నింపి మీటరు చెప్పినట్లు తీస్తే బూడిదరంగు పంచె వస్తుంది. బొగ్గుల బుట్టను తీసినా బూడిదరంగు బొగ్గులే వస్తాయి. యంత్రానికి మధ్యస్థం తప్ప మరొకటి తెలియదు. ఇక నల్లని ముఖం గల మనిషిని తెల్లని గోడ ముందు నిలబెట్టి తీస్తే ఏమవుతుంది? గోడ తెలుపును చూసి మీటరు వెలుగు ఎక్కువైనదని మోతాదు తగ్గిస్తుంది. గోడ బూడిదరంగుకు దిగుతుంది, ముఖం మసి ముద్ద అవుతుంది. అదే ముఖాన్ని ఫ్రేము నిండా తీసుకొంటే మీటరు చీకటి ఎక్కువైనదని మోతాదు పెంచుతుంది. అప్పుడు ముఖం పాలిపోయి, బూడిద పూసినట్లు అవుతుంది. ఒకే మనిషి, ఒకే ఎండ, రెండు అబద్ధాలు!

ఈ పాఠం కేవలం తరగతి గదికి సంబంధించినది కాదని సెలవుల్లో అల్లవరం ప్రాంతంలో నా ప్రాజెక్టు పని చేస్తున్నప్పుడు తెలిసింది. కొబ్బరి పీచు తాళ్ళు పేనే ఒక వృద్ధురాలు తన గుర్తింపు కార్డు తెచ్చి చూపింది. తెల్ల తెర ముందు తీసిన ఫోటో అది.

"ఇది నా బొమ్మేనంటారా బాబూ? కళ్ళూ, ముక్కుపుడకా తప్ప ఏం కనపడ్డం లేదండి. నేను నల్లదాన్నే గానీ, మరీ ఇంతా?" అని ఆమె అడిగింది.

కార్డు చూపిన ప్రతిచోటా ఆమెను రెండుసార్లు ఎగాదిగా చూస్తారట. పేరు అడుగుతారట, తండ్రి పేరు అడుగుతారట, ఊరి పేరు అడుగుతారట. కార్డు ఉన్నది ఇవన్నీ అడగకుండా ఉండటానికే కదా! ఆ చిత్రాన్ని ఎవరు తీశారో నాకు తెలియదు. తీసిన వారికి ఆమె మీద ద్వేషమేమీ ఉండి ఉండదు. తెల్ల తెర, నల్లని ముఖం, మీటరు చెప్పిన లెక్క – ఈ మూడూ కలిసి చేసిన పని అది. కాని ఫలితం మాత్రం ఆమె అనుభవిస్తున్నది.

ఆ మామ్మను వారి పాక చూరు కింద, ఎండ నేరుగా పడని చోట కూర్చోబెట్టాను. వెనుక మట్టిగోడ ఉండేట్లు చూశాను. ఎదురుగా ఇద్దరు పిల్లలచేత ఒక తెల్ల పంచెను పట్టించి, వాకిట్లోని వెలుగు ఆమె ముఖం మీదికి మళ్ళేట్లు చేశాను. మీటరును ముఖం మీద కాక, చాచిన అరచేతి మీద చూశాను. మనుషుల ఒంటి రంగులు ఎన్ని విధాలుగా ఉన్నా, అరచేతుల రంగులో తేడా చాలా తక్కువ. అరచేయి ఆ బూడిదరంగు అట్ట కంటె ఇంచుమించు ఒక స్టాప్ తెలుపు. కనుక అరచేతి లెక్కకు ఒక స్టాప్ వెలుగు కలిపితే, ముఖం ఏ రంగుదైనా ఆ రంగులోనే వస్తుంది. ఈ చిన్న కిటుకుకు ఖరీదైన పరికరమేదీ అక్కరలేదు. చిత్రం చూసి ఆమె ఏమీ అనలేదు. పక్కనున్న మనుమరాలు మాత్రం "మామ్మే!" అన్నది. ఆ ఒక్క మాటే ఆ అభ్యాసానికి నేను ఆశించిన మార్కు.

కథ అంతటితో ముగిసినట్లయితే ఈ వ్యాసం వ్రాయవలసిన అవసరం ఉండేది కాదు. ఆ మనుమరాలి ఫోటో కూడా తీయమన్నారు. తీశాను. ఆమె తల్లి దానిని చూసి, "కొంచెం తెల్లగా చేసి ఇవ్వండి బాబూ, సంబంధాల వారికి పంపాలి" అన్నది. మామ్మ చిత్రంలో నిజం కావాలి, మనుమరాలి చిత్రంలో తెలుపు కావాలి. ఇందులో ఆ తల్లిని తప్పు పట్టటానికి ఏమున్నది? లోకం ఏ కొలతతో కొలుస్తున్నదో ఆమెకు నాకంటె బాగా తెలుసు. జవాబు ఆ అమ్మాయే చెప్పింది: "రేపు వాళ్ళు చూడ్డానికి వచ్చినప్పుడు ఆ తెలుపు ఎక్కణ్ణుంచి తేనమ్మా?"

చిత్రం అబద్ధం చెబితే, ఆ అబద్ధానికి ఆధారం చూపవలసిన బాధ్యత చిత్రకారుడి మీద పడదు, చిత్రంలోని మనిషి మీద పడుతుంది. పెళ్ళిచూపుల నాడు ఫోటోనూ ముఖాన్నీ మార్చి మార్చి చూసే చూపులను ఆమె భరించాలి. మోసం చేసింది ఫోటో, నేరం మోపబడేది పిల్ల మీద. ముఖాలు తెలుపు చేసే అలవాటు మీద నాకున్న మొదటి అభ్యంతరం ఇదే. అందం, సత్యం అనే పెద్ద మాటలు తరువాత వస్తాయి.

ముఖాలను దిద్దే అలవాటు కంప్యూటర్లతో వచ్చినది కాదు. గాజు పలకల కాలం నుండి నెగెటివు మీద సన్నని పెన్సిలుతో మచ్చలూ, ముడతలూ చెరపటం స్టూడియోలలో ఒక ప్రత్యేక వృత్తి. అయితే ఆ రోజుల్లో ఒక ముఖం దిద్దటానికి గంటలు పట్టేది. ఇప్పుడు వేలితో ఒకసారి నొక్కితే చాలు. అనేక సెల్‌ఫోనులు అడగకుండానే ముఖాన్ని నునుపు చేసి, తెలుపు చేసి ఇస్తున్నాయి. తన అసలు ముఖం ఫోటోలో ఎలా ఉంటుందో ఒకసారైనా చూసుకోకుండానే ఒక తరం పెరుగుతున్నది.

యంత్రానికి పక్షపాతం ఉండదు కదా అని కొందరు అడగవచ్చు. చరిత్ర ఆ మాటను బలపరచటం లేదు. రంగుల ఫిల్ము వ్యాప్తిలోకి వచ్చాక, ప్రింట్లలో రంగు సరిగా ఉన్నదో లేదో పోల్చుకోవటానికి అమెరికాలో కొడక్ సంస్థ ప్రయోగశాలలకు ఒక నమూనా చిత్రం పంపేది. అందులో ఉండేది తెల్లజాతి యువతి. ఆ నమూనాకు షిర్లీ కార్డు అని పేరు పడింది. ఆమె చర్మం సరిగా వస్తే ప్రింటు సరైనదే అని లెక్క. నల్లని చర్మం ఎలా వస్తున్నదన్న ప్రశ్న ఆ లెక్కలో లేదు. కెనడాకు చెందిన లోర్నా రాత్ అనే పరిశోధకురాలు 2009లో ప్రకటించిన వ్యాసంలో ఈ చరిత్రనంతా వివరించింది. ముదురు గోధుమరంగులను సరిగా పట్టే ఫిల్ము కోసం గట్టిగా అడిగిన వారిలో చాకొలెట్టు వ్యాపారులూ, కర్ర సామాను వ్యాపారులూ ఉన్నారట. తమ సరుకు ప్రకటనలలో సరిగా కనబడటం లేదని వారి ఫిర్యాదు. మనుషుల ముఖాలకు జరగని న్యాయం బల్లలకూ మిఠాయిలకూ జరిగింది! పలు వర్ణాల స్త్రీలతో కూడిన నమూనా కార్డులు 1990లలో గాని రాలేదు. డిజిటల్ యుగంలో కూడా, వివిధ చర్మవర్ణాలను సరిగా చూపటమే లక్ష్యమని చెబుతూ గూగుల్ సంస్థ తన ఫోను కెమెరాలో 'రియల్ టోన్' అనే ఏర్పాటును 2021లో ప్రకటించవలసి వచ్చింది.

మన దేశంలో ముఖాల చిత్రణకు మరొక చేదు చరిత్ర కూడా ఉన్నది. బొంబాయిలో 1854లోనూ, కలకత్తా, మద్రాసులలో 1856లోనూ ఫోటోగ్రఫీ సంఘాలు ఏర్పడ్డాయి. ఆ తరువాత కొద్ది కాలానికే, 1868 నుండి 1875 వరకు, 'ద పీపుల్ ఆఫ్ ఇండియా' అనే ఎనిమిది సంపుటాలను ప్రభుత్వపక్షాన వెలువరించారు. కులాలనూ తెగలనూ మచ్చుతునకలుగా నిలబెట్టి తీసిన చిత్రాలవి. చిత్రంలోని మనిషికి అది నచ్చిందా లేదా అని అడిగిన వారు లేరు.

దీనికి పూర్తిగా భిన్నమైన ఉదాహరణ మన హైదరాబాదులోనే దొరుకుతుంది. 1844లో మీరట్ సమీపాన సర్ధనాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఛాయాచిత్రకారుడుగా స్థిరపడిన లాలా దీన్ దయాళ్‌ను ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ తన ఆస్థాన చిత్రకారునిగా నియమించి, 'ముసవ్విర్ జంగ్' బిరుదంతో గౌరవించాడు. రాజభవనాల చిత్రాలూ, దర్బారు చిత్రాలూ అందరికీ తెలిసినవే. నాకు వాటికంటె ముఖ్యమనిపించేది మరొకటి. 1892లో ఆయన పర్దా పాటించే స్త్రీల కోసం ప్రత్యేకంగా ఒక జనానా స్టూడియో నెలకొల్పాడు. దాని నిర్వహణను కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల మహిళకు అప్పగించాడు. పరాయి పురుషుని కంటపడకుండా చిత్రం తీయించుకోవాలన్న స్త్రీల కోరికను ఆయన తోసిపుచ్చలేదు, పరిహసించలేదు. తన పద్ధతినే వారికి అనువుగా మార్చుకొన్నాడు. చిత్రంలోని మనిషి మర్యాదను బట్టి యంత్రమూ, గదీ, పనివారూ మారవలసినదే గాని, యంత్రాన్ని బట్టి మనిషి మారనక్కరలేదు. 130 సంవత్సరాల క్రితం పర్దా విషయంలో సాధ్యమైనది ఈనాడు చర్మవర్ణం విషయంలో ఎందుకు సాధ్యం కాదు?

ఇది సాంకేతికంగా అసాధ్యమేమీ కాదు. 1940 ప్రాంతంలో అమెరికాలో ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ అనేవారు రూపొందించిన జోన్ పద్ధతిని మాకు బోధించారు. నిండు నలుపు నుండి నిండు తెలుపు వరకు గల ఛాయలను 0 నుండి 10 వరకు మెట్లుగా విభజించి, దృశ్యంలోని ఏ భాగం ఏ మెట్టున ఉండాలో చిత్రకారుడే నిర్ణయించాలని దాని సారం. తెల్లజాతి వారి చర్మానికి సాధారణంగా ఆరవ మెట్టు, ముదురు చర్మానికి ఐదవ మెట్టు అని వారి లెక్క. ఇక్కడ గ్రహించవలసినది ఆ అంకె కాదు. నిర్ణయం మీటరుది కాదు, మనది అన్న సూత్రం.

నల్లని చర్మాన్ని చిత్రించటంలో మరొక రహస్యం ఉన్నది. లేత చర్మంలో ముఖం ఒడ్డూపొడుగూ నీడల వల్ల తెలుస్తుంది. ముదురు చర్మంలో మెరుపు వల్ల తెలుస్తుంది. చెక్కిలి ఎముక మీద, ముక్కు దూలం మీద, నుదుటి వంపు మీద జారే మెరుపే ముఖానికి రూపమిస్తుంది. కాబట్టి చిన్న ఫ్లాష్ నేరుగా కొడితే నుదుటి మీద ఒక తెల్ల చుక్క మిగిలి, తక్కిన ముఖం చదునవుతుంది. వెలుగు విశాలమైన వైపు నుండి, పక్కగా రావాలి. పెద్ద కిటికీ, వీధి అరుగు, పాక చూరు, పొద్దు వాలే వేళ కాలువ నీటి మీది నుండి లేచే వెలుగు – ఇవన్నీ కోనసీమలో ఉచితంగా దొరికే స్టూడియో దీపాలే. న్యూయార్కుకు చెందిన రాయ్ డీకరావా అనే నల్లజాతి చిత్రకారుడు హార్లెమ్ ప్రజల ముఖాలను ముదురు ఛాయలలోనే ముద్రించి, ఆ ముదురుతనంలోనే ఒక్కొక్క గీతనూ కనబరచాడు. మన దేశంలో సునీల్ జానా ఆదివాసుల చిత్రాలలో, మన హైదరాబాదులో బండి రాజన్‌బాబు గిరిజన జీవితపు నలుపు తెలుపు చిత్రాలలో ఇదే గౌరవం కనిపిస్తుంది. వారెవరూ ఎవరినీ తెల్లబరచలేదు. ఆ ముఖాలు అందవికారంగా ఉన్నాయని ఎవరైనా అనగలరా?

ఇక ఎదుటి పక్షం మాట కూడా వినాలి. ఒక స్టూడియో యజమాని నాతో, "రంగు తెల్లగా చేయకపోతే పక్క షాపుకు పోతారండి. పాస్‌పోర్టు ఫోటోలూ, పెళ్ళిళ్ళూ తప్ప మాకు మిగిలిందేమున్నది?" అన్నాడు. ఇంటింటా ఫోను కెమెరా వచ్చాక ఆ వృత్తి ఎంత కుదేలైనదో మనకు తెలియనిది కాదు. గిరాకీ పోగొట్టుకొని సత్యవ్రతం పట్టమని ఎవరినీ అడగలేం. అయితే గిరాకీ అనేది ఎన్నటికీ మారని కొండ కాదు. 2020లో ఒక ప్రసిద్ధ వివాహ సంబంధాల సంస్థ, ఒంటి రంగును బట్టి వధూవరులను ఏరుకొనే ఏర్పాటును వాడుకదారుల నిరసన మీదట తొలగించింది. అదే సంవత్సరం దశాబ్దాలుగా అమ్ముడవుతున్న ఒక ముఖలేపనం తన పేరులోని తెలుపు మాటను వదులుకొన్నది. లోపలి సరుకు మారిందా, పేరే మారిందా అన్న సందేహం న్యాయమైనదే. అయినా అడిగేవారు ఉంటే అమ్మేవారు కదులుతారని ఇవి చెబుతున్నాయి.

మరికొందరు తాత్త్వికమైన ప్రశ్న వేస్తారు. వెలుగు మోతాదు చిత్రకారుడే నిర్ణయిస్తున్నప్పుడు 'ఉన్నది ఉన్నట్లు' అన్న చిత్రం ఎక్కడున్నది, ప్రతి ఫోటో ఒక కల్పనే కదా అని. 1957లో వచ్చిన 'మాయాబజార్' చిత్రంలో మార్కస్ బార్ట్లే దీపాలతో సృష్టించిన వెన్నెల కల్పనే. దానిని తెలుగువారు నేటికీ మెచ్చుకొంటున్నారు. నిజమే. కాని ఆ వెన్నెల తనను తాను సాక్ష్యంగా చెప్పుకోలేదు. ప్రేక్షకుడు కళను చూడటానికి వచ్చాడు, కళను చూశాడు. గుర్తింపు కార్డు మీది ఫోటో, సంబంధానికి పంపే ఫోటో, చనిపోయిన తండ్రిదని గోడకు తగిలించే ఫోటో – ఇవి సాక్ష్యాలు. వీటికి కొలత ఒక్కటే. ఇంటివారు చూసి, ఆ మనిషే అనాలి. ఈ కొలతకు నిలిచే చిత్రాలలో కూడా వెలుగు ఎన్నుకొనే స్వేచ్ఛ, కోణం ఎన్నుకొనే స్వేచ్ఛ ఎంతైనా ఉన్నది. అందమంతా ఆ స్వేచ్ఛలోనే చూపించవచ్చు.

ఇప్పుడు చేయవలసినవి నాలుగు మాటలలో మనవి చేస్తాను. ఒకటి, ఛాయాచిత్రణం బోధించే ప్రతిచోటా ముఖచిత్ర అభ్యాసం మన ముఖాలతో, మన ఎండలో మొదలు కావాలి. పుస్తకంలోని అంకెలు పరాయి చర్మాలకు కట్టినవి. వాటిని మన చర్మాలకు సరిచూసుకొనే పట్టికను విద్యార్థులే తయారు చేసుకోవాలి. రెండు, తెల్ల తెర తప్పనిసరి అయిన గుర్తింపు ఫోటోలు తీసేవారికి అరచేతి లెక్క నేర్పాలి. దానికి పట్టే కాలం అర్ధగంట. దాని వల్ల ఎందరో వృద్ధులకు కార్డు చూపిన ప్రతిసారీ కలిగే అవమానం తప్పుతుంది. మూడు, స్టూడియోలవారు రంగు దిద్దిన ప్రతితో పాటు దిద్దని ప్రతిని కూడా ఇవ్వటం అలవాటు చేసుకోవాలి. రెండూ పక్కపక్కన చూసుకొన్నవారు ఏది తమదో తామే తేల్చుకొంటారు. నాలుగు, దిద్దని ఆ ప్రతులను భద్రపరచాలి. ఉప్పుగాలి, తేమ గల కోనసీమలో లెన్సులకూ, ఆల్బములకూ బూజు పట్టటం మనకు కొత్త కాదు. గాలి చొరని డబ్బాలో తేమను పీల్చే సిలికా జెల్ పొట్లాలతో ఉంచితే చాలా వరకు కాపాడుకోవచ్చు. 1996 నవంబరు తుపానులో ఇళ్ళతో పాటు గోడల మీది పటాలు కూడా పోగొట్టుకొన్న ప్రాంతం ఇది. తాతల ముఖాలు ఎలా ఉండేవో చెప్పే ఆధారం మిగలటం ఎంత అవసరమో ఇక్కడివారికి వివరించనక్కరలేదు.

చదువులో నేను సాధించిన ప్రగతి ఏమిటని అడిగితే నా దగ్గర పెద్ద జాబితా లేదు. కెమెరా అదే, లెన్సు అదే. ముఖాన్ని చూసి, మీటరు ఏమంటుందో ముందే ఊహించి, దానికి ఎంత వెలుగు కలపాలో, ఎంత తీయాలో చెప్పగలగటం మాత్రం అలవడింది. సహవిద్యార్థి మిత్రులు తెలుగులో చదివినా, ఉర్దూలో చదివినా, చేతిలో కెమెరా పట్టుకొన్నా, ఫోను పట్టుకొన్నా, ఈ పాటి విద్య నేర్వటం కష్టం కాదు. ఈ ఏడాది మీ ఇంట ఎవరి ఫోటో తీసినా, ముందుగా ఫోనులోని ఆ ముఖసౌందర్యపు మీటను ఆపివేయండి. ఆ తరువాత మనిషిని నీడపట్టుకు పిలిచి, అరచేయి చాపమని అడగండి.